గుప్పెట పరీక్ష

మొదట వేసింది మా షాపులో చెత్తే.
జాకెట్టు పీలికలు, లైనింగు ముక్కలు,
ఫాల్సు చివర్లు. ఊరికే వస్తాయి కదా అని.
మూడో రోజుకి గోధుమరంగు పెట్ట కుంటుతోంది.
కాలికి ఎర్ర దారం చుట్టుకుని
వేలు కమిలి వంకాయ రంగుకి తిరిగింది.
కాజాలు కోసే చిన్న కత్తెరతో
ఊపిరి బిగబట్టి తెంపాను.
పెళ్ళికూతురి పట్టు మీద కూడా
అంత భయపడి ఎప్పుడూ కత్తెర పెట్టలేదు.

మల్కాపురంలో మా పెరడంటే
రెండు మంచాల పొడుగు, మంచమున్నర వెడల్పు.
పోర్టులో పాతసామాను కింద కొన్న చెక్కపెట్టెతో
మా ఆయన గూడు కట్టాడు.
చెక్క మీద ఏదో దేశం అక్షరాలు,
ఇటు పైకి అని ఒక బాణం.
బాణం కిందికి వచ్చేలా బిగించేశాడు.
కోళ్ళకి చదువు రాదులే అన్నాడు.

పేపర్లు పరిస్తే
పిల్లల కాళ్ళు జారి చెరోవైపు పోయాయి.
ఎదురింటి కుర్రాడు సముద్రపొడ్డు ఇసుక
రెండు బకెట్లు తెచ్చి పోశాడు.
ఉప్పుకి ఎప్పుడూ దాహమే.
గాలిలో తేమంతా తాగేసి
తెల్లారేసరికి గూడంతా చెమట.
గాజువాక అడితిలో రంపప్పొట్టు,
ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన.
తెల్లపెట్ట రాత్రంతా తుమ్మింది.
అసలే దండెం మీద బట్టల్ని రోజూ
రెండుసార్లు దులుపుకునే పేట మాది,
బొగ్గు చాలదా, ఇంకో దుమ్ము కూడానా.
వరిగడ్డి బాగానే ఉండేది,
అల్పపీడనం నాలుగు రోజులు కూర్చోకపోతే.
ఐదో రోజు ఎత్తి చూస్తే
అడుగున బూజు, తెల్లగా,
కొత్త దూదిలా, ఎంత అందంగా ఉందో పాడుది.

ఇక ఊకే అని సబ్బవరం బస్సెక్కాను.
మిల్లులో గుమస్తా చీటీ రాస్తూ
పేరేటమ్మా అన్నాడు.
షాపు బోర్డు మీద తనూజ.
గ్యాసు పుస్తకంలో తనూజ.
ఎందుకో ఆ దుమ్ములో నిలబడి
తవిటమ్మ అన్నాను.
పెన్ను ఆపి నవ్వాడు.
తవుడు పక్క గదిలో, ఊక ఈ గదిలో,
సరిగ్గా చెప్పమ్మా ఏది కావాలో.

నాకు ముందు ముగ్గురు పోయారట.
నేను పుట్టగానే చాటలో తవుడు పోసి
అందులో పడుకోబెట్టారట.
ఇంత విలువ లేనిదాన్ని
చావు మాత్రం ఏం చేసుకుంటుంది అని.
మా పిన్ని శేరు తవుడిచ్చి కొనుక్కుని
మళ్ళీ మా అమ్మకే ఇచ్చింది.
బళ్ళో ఈ పేరు పిలిచినప్పుడల్లా
బల్లకింద దూరాలనిపించేది.

బస్తాకి లగేజీ టికెట్టు కొట్టి
కండక్టరు అడిగాడు, ఏటిది, పరుపులోకా?
అవును, అన్నాను. ఎవరికో చెప్పలేదు.
ఇంటికొచ్చి ముందు సున్నం చల్లి,
నాలుగు వేళ్ళ మందాన ఊక పోసి
చేత్తో సర్దుతుంటే
మా ఆయన గుమ్మంలో టీ తాగుతూ,
మన పరుపు దూది ఏకించి ఎన్నేళ్ళయిందో
ఆ కోళ్ళనడిగి చెప్పు, అన్నాడు.

ఇప్పుడు రోజు విడిచి రోజు
పాత గొడుగు ఊచతో తిరగేస్తాను.
గుప్పెట పట్టి నొక్కుతాను.
ముద్ద కడితే తడి, తీసెయ్యాలి.
వేళ్ళ సందుల్లోంచి జారిపోతే బాగున్నట్టు.
గుడ్డని పట్టి రకం చెప్పే వేళ్ళే ఇవి,
కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు.

నిన్న రాత్రి వాన.
పోర్టు కూత విని మెలకువొచ్చి
టార్చితో వెళ్ళి చూశాను.
తెల్లపెట్ట పొట్టతో గుంట చేసుకుని
అందులోకి దిగిపోయి కూర్చుంది,
కళ్ళు కూడా తెరవలేదు నాకోసం.
పొడిగా, వెచ్చగా వచ్చింది ఊక వాసన.
ఇది నాకు తెలుసే అనిపించింది.
తెలిసే వీల్లేదు.
నాకప్పుడు ఒక్కరోజు వయసు.